నూటికి ఇద్దరు

మైపాడు నుంచి నెల్లూరు పోయే బస్సులో వెంకటశేషమ్మ తట్ట లేకుండా ఎక్కడం కండక్టరుకి ఇంకా అలవాటు కాలేదు. ఏళ్ళ తరబడి ఆమెకొక టిక్కెట్టు, ఆమె చేపల తట్టకొక టిక్కెట్టు కొట్టినవాడు.

"ఏం శేషమ్మా, ఈరోజు గూడా ఒట్టి చేతులేనా? వాసన లేక బస్సు బోసిపోయి ఉండాది," అన్నాడు.

"చేతిలో ఫోనుంది గదా. దానికి గూడా టిక్కెట్టు కొడతావా?" అంది శేషమ్మ.

బస్సులో నలుగురు నవ్వారు. శేషమ్మ నవ్వలేదు. పొద్దున ఫోనుకొచ్చిన నాలుగు వాక్యాలు ఆమె మనసులో ముల్లులా గుచ్చుకుంటున్నాయి. కూడబలుక్కుని రెండుసార్లు చదివింది. పంపింది నెల్లూరు చోటే సాహెబ్ కూతురు జబీనా. 'శేషమ్మత్తా, ఈ నెల నీ లింకు బాగా కింద ఉంది. ముప్పయ్యో తేదీకి రేటు రెండుకి రాకపోతే తీసేయాలి. అందరికీ ఒకటే రూలు. ఏమీ అనుకోవద్దు.'

ఏమీ అనుకోవద్దట. బతుకుతెరువు తీసేస్తామని చెప్పి, పక్కనే ఆ మాట కూడానా.

శేషమ్మ మొగుడు జ్వరంతో పోయినప్పటి నుంచి ఆమెకి ఆ తట్టే మొగుడు, బిడ్డ. తెల్లారి రేవులో వేలానికి చేప పాడుకుని, నెల్లూరు వీధుల్లో అమ్మి, మిగిలింది ఎండబెట్టి చోటే సాహెబ్ ఎండుచేపల కొట్లో వేసేది. పోయినేడు మెడలో ఎముక అరిగింది. కుడిచెయ్యి భుజం నుంచి వేళ్ళ దాకా తిమ్మిరెక్కిపోయింది. ఇక నెత్తిన బరువు పెడితే ఆ చెయ్యి పనికిరాకుండా పోతుందని డాక్టరు చెప్పేశాడు. మరిది గంగాధరం, "మా ఇంట కూడు తిను వదినా, నువ్వు మాకు బరువా?" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. శేషమ్మ రెండు పూటలు తిన్నది. మూడో పూటకి తన పొయ్యి తానే వెలిగించుకుంది. పెట్టేవాళ్ళకి బరువు కాకపోవచ్చు, తినేవాళ్ళకి ఆ ముద్ద ఎంత బరువో ఆ రెండు పూటల్లోనే తెలిసింది.

అప్పుడే జబీనా కొత్త వ్యాపారం పెట్టింది. ఎండు రొయ్యల పొడి, నెత్తళ్ళ వేపుడు, వంజరం పచ్చడి, అన్నీ సీలు ప్యాకెట్లలో కట్టి ఫోన్ల మీద అమ్మకం. అమ్మిపెట్టే వాళ్ళకి తలా ఒక లింకు ఇస్తుంది. ఆ లింకు నొక్కి ఎవరైనా కొంటే, లింకు ఎవరిదో వాళ్ళకి కమీషన్.

"దీన్ని అఫిలియేట్ అంటారత్తా," అని చెప్పింది జబీనా.

"పేరేదైతే నాకేం. తట్ట మొయ్యకుండా అమ్మొచ్చా లేదా?" అని అడిగింది శేషమ్మ. అమ్మొచ్చు అన్నాక ఇంకో ప్రశ్న వెయ్యలేదు. వేసి ఉండాల్సింది.

కొట్లో చోటే సాహెబ్ కాటా ముందు కూర్చుని ఎండు కవ్వళ్ళ చేపలు ఏరుతున్నాడు. వెనక గదిలో జబీనా కంప్యూటరు ముందుంది. శేషమ్మ చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడింది.

"నా లింకు కింద ఉండాదా? మా పాళెంకి వచ్చి అడుగు జబీనమ్మా. పొద్దున లేచి నా లింకు నొక్కని ఇల్లు ఒకటి చూపించు."

"అదే తంటా అత్తా. రా, కూర్చో." జబీనా స్క్రీను ఇటు తిప్పింది. "ఈరోజు పద్దెనిమిది. ఒకటో తేదీ నుంచి నీ లింకు నొక్కినోళ్ళు ఎనిమిది వందలు. కొన్నోళ్ళు ఐదుగురు."

"ఎనిమిది వందలు ఇంకెవరికన్నా ఉండాదా?"

"లేదు. నొక్కుడులో నువ్వే ఫస్టు."

"మరి?"

"నొక్కుడు లెక్క కాదత్తా. నొక్కినోళ్ళలో ఎంతమంది కొన్నారనేదే లెక్క. కన్వర్షన్ రేటు అంటారు. నూరుమంది నొక్కితే ఇద్దరన్నా కొనాల. నీకు నూటికి ఒక్కరు గూడా లేరు."

శేషమ్మకి అర్థం కాలేదని కాదు. అర్థం కావడం ఇష్టం లేకపోయింది. బయటినుంచి చోటే సాహెబ్ కవ్వళ్ళు ఏరుతూనే అందుకున్నాడు.

"శేషమ్మా, నువ్వు ఒక వీధిలో తట్ట దించినావు. నూరుమంది వచ్చి మూత ఎత్తి చూసినారు, మొప్ప ఎత్తి చూసినారు, ఒక్కరు గూడా కొనకుండా పోయినారు. మరుసటి రోజు ఆ వీధికి పోతావా?"

"పోను. ఆ నూరుమందినీ తిట్టి మరీ మానేస్తా."

"నా కూతురికి తిట్టడం రాదు. అందుకని లింకు తీసేస్తా ఉండాది."

"అబ్బా, నువ్వు ఊరుకో," అంది జబీనా తండ్రిని. తర్వాత శేషమ్మ వైపు తిరిగి, గొంతు తగ్గించింది. "ఇంకో సంగతి ఉంది అత్తా. మా సైటు నడిపే కంపెనీవాళ్ళు ఒక్కో నొక్కుడికింత అని మా దగ్గర వసూలు చేస్తారు. కొనకుండా ఊరికే నొక్కితే ఆ ఖర్చు మాకు. పైగా వాళ్ళు నీ లింకు పక్కన ఎర్ర గుర్తు పెట్టినారు. దొంగ నొక్కుళ్ళేమో చూసుకోమని."

శేషమ్మ మొహం నల్లబడింది. "సాయిబన్నా, నీ కొట్లో ఇన్నేళ్ళు చేప వేసినా. ఒక్కరోజన్నా తడి చేప ఎండుదని చెప్పి వేసినానా?"

"లేదు," అన్నాడు చోటే సాహెబ్. ఆ మాట అనడానికి ఏరడం ఆపాడు.

"నిన్ను నేను అనలా అత్తా. అంకె అంటా ఉండాది. చూడు, పేర్లు మాకు తెలీవు, ఊరూ వేళా తెలుస్తాయి. కొననోళ్ళందరూ మైపాడు దిక్కే. అందరూ తెల్లారుజామున నాలుగు నుంచి ఆరు లోపలే."

నాలుగు నుంచి ఆరు. పడవలు నీళ్ళలోకి దిగే వేళ.

శేషమ్మకి అప్పుడు నిజంగా అర్థమైంది. లింకు చేతికొచ్చిన రోజు పాళెం వాట్సాప్ గ్రూపులో పెట్టి, "మీ చేత్తో బోణీ చెయ్యండయ్యా," అని వాయిస్ పంపింది. అందరికన్నా ముందు నొక్కింది గంగాధరం. ఆ రోజు అతని వలలో పడవ ఒరిగిపోయేటన్ని చందువలు పడ్డాయి. మర్నాడు పక్క పడవవాళ్ళు నొక్కి దిగారు. వాళ్ళకీ బాగానే పడింది. అంతే. ఇక పాళెంలో నలభై పైచిలుకు ఫోన్లు రోజూ శేషమ్మ లింకు నొక్కి గాని కదలడం లేదు. మగవాళ్ళు నొక్కి ఇంజను తిప్పుతున్నారు. ఆడవాళ్ళు నొక్కి వేలంపాటకి పోతున్నారు. 'నొక్కినామే శేషూ' అని చెప్పినప్పుడల్లా ఆమె పొంగిపోయి దండం పెట్టింది. రోజూ నొక్కమని తానే చెప్పింది.

"వాళ్ళు కొనరా?" అని అడిగింది జబీనా, సంగతంతా విన్నాక.

"పాళెంలో చేప కొనేదెవరమ్మా? సముద్రాన్ని నమ్ముకున్న గంగమ్మ బిడ్డ దుడ్డిచ్చి చేప కొన్నాడంటే ముంత పట్టుకోని వీధిలో నిలబడినట్టే మాకు."

"అయితే నొక్కొద్దని చెప్పత్తా. నీకని రూలు సడలించలేను. పోయిన నెల మా మేనత్త కొడుకు అర్మాన్ లింకు తీసేసినా. ఇంట్లో ఇప్పటికీ మాటలు లేవు. ఒకసారి తీసేస్తే ఆ నంబరుకి ఏడాది దాకా మళ్ళీ ఇవ్వను. అదీ అందరికీ ఒకటే."

"నేను సడలించమన్నానా?" శేషమ్మ లేచింది. "ముప్పయ్యో తేదీ ఏ వేళ దాకా?"

"రాత్రి పన్నెండు దాకా."

"సరే," అంది. టీ తాగి పొమ్మన్నా ఆగలేదు.

ఆ సాయంత్రం రేవులో ఇసక మీద మగవాళ్ళు వలలు బాగు చేసుకుంటున్నారు. ఆడవాళ్ళు పక్కనే చేప ఎండేసిన పట్టలు ఎత్తుతున్నారు. శేషమ్మ మధ్యకొచ్చి నిలబడి, రేపటి నుంచి తన లింకు ఎవరూ నొక్కవద్దని చెప్పింది.

ఎవరికీ ఆ మాట ఎక్కలేదు. ముందుగా తేరుకున్నది ముసలమ్మ. పాళెంలో అందరికన్నా పెద్దది. ఆమె చెయ్యి మంచిదని కొత్త వలకి మొదటి ముడి ఆమె చేతే వేయిస్తారు.

"నా చెయ్యి చెడ్డదైపోయిందా శేషూ నీకు?"

"నీ చెయ్యి బంగారం అవ్వా. నేను చెప్పేది విను."

"ఏం వినేది? బోణీ చేసే చేతిని వద్దన్న మనిషిని నేను ఇన్నేళ్ళలో చూళ్ళా."

శేషమ్మ ఆమె ఎదుట ఇసకలో చతికిలబడింది. "బోణీ అంటే ఏందో నువ్వే చెప్పవ్వా. తట్ట దించినాక మొదటొచ్చినోడు చేప ముట్టుకున్నాడు, బేరమాడినాడు. వాణ్ణి కొనకుండా పోనిస్తావా?"

"యాడ పోనిస్తాం? నష్టానికన్నా వాడి చేతిలో పెట్టి, దుడ్డు కళ్ళకద్దుకుంటాం."

"ముట్టుకోని, కొనకుండా పోతే?"

ఈ మాట ఎక్కడికి పోతుందో ముసలమ్మకి తెలిసిపోయింది. వెనకనుంచి ఎవరో ఆడమనిషి అంది: "ఆ రోజు తట్ట తట్టగా ఇంటికొస్తాది."

"మీరు రోజూ నాకు చేస్తా ఉండేది అదే," అంది శేషమ్మ. "మంచి మనసుతోనే చేస్తా ఉండారు. నలభై మంది నా తట్ట ముట్టుకోని పోతా ఉండారు. ఈరోజు నెల్లూర్లో నా తట్ట దించెయ్యమన్నారు."

గంగాధరం వల పక్కన పడేసి లేచాడు.

"అయితే నా చందువలో?"

"చందువలు నీ వల్లో పడినాయి అబ్బయ్యా. నా ఫోనులో పడలా."

"అదేం మాట వదినా? నీకు పనికొస్తాదంటే చెయ్యి వేస్తిమి. ఇప్పుడు చెయ్యి తియ్యమంటా ఉండావు. నీ లింకు మా పడవలకి కలిసొచ్చింది. రేపు వల ఒట్టిగా వస్తే ఎవరిది పూచీ?"

"సముద్రానిది. ఎప్పుడూ దానిదే గదా."

ఇద్దరు ముగ్గురు నవ్వబోయి గంగాధరం మొహం చూసి మానుకున్నారు. అతనిది కోపమే గాని, ఆ కోపంలోనూ వదినా అనే పిలిచాడు. కొంచెం ఆగి ఒక ఉపాయం చెప్పాడు.

"కొంటే చాలు, అంతేగా? పాళెమంతా తలా ఒక ప్యాకెట్టు ఆర్డరు పెడతాం. వచ్చినాక తిప్పి పంపిద్దాం. నీ ముప్పయ్యో తేదీ దాటిపోతాది."

"మా కోడలు చీరలకి అట్టానే చేస్తాది," అన్నాడు రమణయ్య, గంగాధరం పడవలో పనిచేసేవాడు.

నిజానికి ఆ ఉపాయం శేషమ్మకి తిరిగొచ్చే బస్సులోనే తోచింది. తోచినంతసేపూ ఆ ఎర్ర గుర్తు కళ్ళలో మెదిలింది. "వద్దు," అంది. "దొంగ నొక్కుళ్ళేమో అన్నారు ఈరోజు. అది అబద్ధం గాబట్టి తలెత్తి మాట్లాడి వచ్చినా. మీరు చెప్పినట్టు చేస్తే అది నిజమైపోతాది."

"నీ ఇష్టం," అన్నాడు గంగాధరం. "మా ఇంట పళ్ళెం ఎప్పుడూ ఉంటాది."

ఆ మాట అతను మంచికే అన్నాడేమో. శేషమ్మకి మాత్రం ఆ రెండు పూటల ముద్ద గుర్తొచ్చింది. పళ్ళెం ఉంటుంది. నెలాఖరుకి ఆ పళ్ళెం ముందు కూర్చోవలసి వస్తుందా లేదా అన్నదే ఇప్పుడు లెక్క.

మర్నాటి నుంచి నొక్కడం తగ్గింది. పూర్తిగా ఆగలేదు. మొండివాళ్ళు కొందరు రెండు మూడు రోజులు దొంగచాటుగా నొక్కారు. ముసలమ్మ నొక్కలేదు, మాట్లాడనూ లేదు. ఎదురుపడితే కొంగు మొహం మీదికి లాక్కుని దారి తప్పించుకుని పోతోంది. శేషమ్మ పిలిచి చూసింది ఒకసారి. రెండోసారి పిలవలేదు. పిలిచి కూర్చునే తీరిక లేదు.

ఊరికే నొక్కేవాళ్ళు ఆగిపోతే సరిపోదు, కొనేవాళ్ళు కావాలి. ఇప్పటికే పడిన ఎనిమిది వందలు చెరిగిపోవు. వాటికి సరిపడా పదహారు మందన్నా కావాలి. ఉన్నది ఐదుగురు. ఆ ఐదుగురూ నెల్లూర్లో ఆమె పాత వీధులవాళ్ళే. శేషమ్మ పాత వీధుల్లో తనకి తెలిసిన ఇళ్ళన్నిటికీ వరసగా ఫోను చేసింది. ఇదివరకటిలా లింకు ముందు పంపి తర్వాత అడగలేదు. ముందు అడిగింది. "కావాలి" అన్నవాళ్ళకే పంపింది. "పంపు శేషమ్మా, చూస్తాలే" అన్నవాళ్ళకి, "చూసేదానికైతే వద్దులేమ్మా, కావాలన్నప్పుడు చెప్పండి," అంది. చూస్తాలే అనే గొంతు ఆమెకి కొత్తది కాదు. తట్ట మూత ఎత్తి, దించి పోయే చేతులకి ఆ గొంతే ఉంటుంది.

రెండు రోజుల్లో నలుగురు కొన్నారు. తర్వాత ఆ వీధులు అయిపోయాయి. కొన్న ప్యాకెట్టు ఖాళీ అయితే గదా మళ్ళీ కొనేది.

ఆదివారం మధ్యాహ్నం చిట్టి ఫోను చేసింది. గంగాధరం కూతురు. తడ దగ్గర కంపెనీలో పని, అక్కడే అమ్మాయిల హాస్టల్లో ఉంటుంది. ఇంటికి చేసినా చెయ్యకపోయినా పెద్దమ్మకి చేస్తుంది.

"ఏం తిన్నావే?" అంది శేషమ్మ.

"ఏముంటాది పెద్దమ్మా, సాంబారు. నీళ్ళలో పప్పు వెతుక్కుంటా ఉండాం. నోరు చచ్చిపోయింది."

"మీ అమ్మ ఎండుచేప కట్టిచ్చింది గదా, మొన్న వచ్చినప్పుడు?"

"వార్డెను వాసనకి మేడంతా తిరిగి, నా మంచం కింద పట్టుకోని, బయట పారేయించింది. అందరి ముందరా. ఇక్కడ పొయ్యి వెలిగించనియ్యరు గూడా. అమ్మకి చెప్పొద్దు, ఏడుస్తాది."

శేషమ్మ ఫోను ఇంకో చెవికి మార్చుకుంది. "రొయ్యల పొడి ప్యాకెట్టు ఉంటాది. సీలు వేసింది, వాసన బయటికి రాదు. పొయ్యి అక్కర్లా, అన్నంలో కలుపుకోవడమే."

"నీ లింకులోదా? పంపు పెద్దమ్మా. కొంటా."

"ఆగు. నాకోసం కొంటా ఉండావా, నీ నోటికి కావాల్నా? నాకోసమైతే పంపను."

"నోటికే పెద్దమ్మా, ఒట్టు. కాని నాయనకి తెలియనియ్యొద్దు. మనం దుడ్డిచ్చి చేప కొన్నామంటే పాళెంలో తలెత్తుకోలేను అంటాడు."

శేషమ్మ పంపింది. మూడో రోజు ప్యాకెట్టు చేరింది. ఆ రాత్రి భోజనాల వేళకి చిట్టి గదిలో పిల్లలు వరసగా ఫోన్లో వినిపించారు. ఒకతె పులికాట్ చెరువు ఒడ్డున పాళెం పిల్ల. ఇంకొకతె కృష్ణపట్నం దిక్కు. అందరూ చేప తిని పెరిగి, ఇప్పుడు సాంబారులో తేలుతున్నవాళ్ళు. "ఆంటీ, లింకు పెట్టండి," అన్నారు. శేషమ్మ తొందరపడలేదు. ఒక్కొక్కతెతో విడిగా మాట్లాడింది. కారం ఎంత తింటావు, నెత్తళ్ళా రొయ్యలా, జీతం పడిందా, పడకపోతే పడినాకే తీసుకో. ఒక పిల్ల, "మా చేపలమ్మ గూడా ఇన్ని ప్రశ్నలు అడగదు ఆంటీ," అంది. "నేను అడగకపోబట్టే మునిగినానమ్మా," అంది శేషమ్మ.

ఇరవై తొమ్మిదో తేదీ సాయంత్రం జబీనా ఫోను చేసింది.

"అత్తా, నొక్కుళ్ళు తొమ్మిది వందలకి పది తక్కువ. కొన్నోళ్ళు పద్దెనిమిది మంది. రెండుకి వెంట్రుక వాసి పైన ఉండావు. నిజం చెప్తా, నేను అనుకోలా. రేపు ఒక్క పూట మీ పాళెంవాళ్ళు నొక్కకుండా చూసుకో. వాళ్ళు మళ్ళీ నొక్కినారంటే మాత్రం దిగిపోతాది."

శేషమ్మకి ఎందుకో అనుమానంగానే ఉంది. వారం రోజులుగా గాలి మారింది. పడవలు పోయినవి పోయినట్టే వస్తున్నాయి. డీజిలుకి కూడా గిట్టడం లేదు. లింకు నొక్కడం మానబట్టేనని రేవులో గుసగుసలు ఆమె చెవిన పడుతూనే ఉన్నాయి.

తెల్లారుజామున ఆమె రేవుకి పోయేసరికి అనుమానం నిజమై కూర్చుంది. పడవలు ఇంకా ఇసక మీదే ఉన్నాయి. వాటి పక్కన మగవాళ్ళు గుంపుగా నిలబడ్డారు. మసక చీకట్లో ఫోన్లు మిణుకుమంటున్నాయి. ముందు గంగాధరం. ఆడవాళ్ళు కొంచెం ఎడంగా, వాళ్ళలో ముసలమ్మ.

"నొక్కినారా?" అంది శేషమ్మ.

"నొక్కలా. నీకు చెప్పే నొక్కుదామని నిలబడినాం," అన్నాడు గంగాధరం. "వారం నుంచి సముద్రం ఏమీ ఇయ్యలా. నీ రూలు నీది, మా పొట్ట మాది. ఇంకో మాట. నువ్వు చిట్టి చేత గూడా కొనిపించినావంట గదా. రాత్రి వీడియో కాల్లో మంచం మీద ప్యాకెట్టు నేనే చూసినా. గంగాధరం కూతురు దుడ్డిచ్చి చేప తిన్నదని తడలో దండోరా వేయించినావు. నా పరువు అమ్మి నీ అంకె పెంచుకున్నావు."

శేషమ్మకి చెయ్యి తిమ్మిరెక్కింది. ఎడమచేత్తో కుడి మోచెయ్యి పట్టుకుని నిలబడింది.

"కొనింది," అంది. "మీ ఆడమనిషి కట్టిచ్చిన ఎండుచేప ఆ హాస్టల్లో పారేసినారు. అందరి ముందరా పారేసినారు. నీ బిడ్డ ఆ సంగతి నీకు చెప్పుకోలేకపోయింది, వాళ్ళమ్మకి చెప్పలేకపోయింది. అప్పటి నుంచి సాంబారే తాగింది. దుడ్డిచ్చి కొంటే పరువు పోతాదన్నావు. నోరు చంపుకోని పడుంటే పరువా అబ్బయ్యా?"

గంగాధరం వెనక ఫోన్లు ఒకటొకటే ఆరిపోతున్నాయి.

"పారేసినారా?" అన్నాడు గంగాధరం.

"మంచం కింద నుంచి లాగి."

అతను సముద్రం వైపు చూశాడు. "ఏం కొనింది?"

"రొయ్యల పొడి. ఒకటే. జీతం పడినాక ఇంకోటి కొంటాదంట."

"దానికి నెత్తళ్ళంటే ప్రాణం," అన్నాడు గంగాధరం ఎవరితోనో అన్నట్టు. "చిన్నప్పుడు పచ్చివే నమిలేది." ఫోను చేతిలో తిప్పాడు. "నెత్తళ్ళు ఉండాయా దాంట్లో?"

"ఉండాయి. వేపుడు."

"నొక్కితే?"

"నొక్కితే కొనాల."

గంగాధరం బొటనవేలు ఫోను మీద ఆగింది. పాళెమంతా ఆ వేలినే చూస్తోంది. గంగమ్మ బిడ్డ, ఐదు పడవల పెద్ద, తెల్లారకముందే రేవులో నిలబడి చేప కొనడానికి వెనకాడుతున్నాడు. నొక్కాడు. బొమ్మలు పైకీ కిందికీ జరిపి చూశాడు.

"ఇంత రేటా? దీంట్లో బేరం లేదా?"

"సాయిబు కూతురు బేరం పెట్టలా."

"బేరం లేకుండా ఏం యాపారం అది?" అన్నాడు. అయినా కూతురి అడ్రసు శేషమ్మ చేతనే వేయించి, డబ్బు కట్టాడు. ఫోను మోగి, ఆర్డరు పడిందని చూపించింది. ఒకటి కాదు, మూడు ప్యాకెట్లు.

"గంగాధరం చేప కొన్నాడు, చూసినారా," అంది ముసలమ్మ ఆడవాళ్ళతో, అందరికీ వినపడేట్టు.

"కొన్నానవ్వా," అన్నాడు గంగాధరం తలెత్తకుండానే. "నా బిడ్డకి కొన్నా. నీకేం?"

ముసలమ్మ మూతి తిప్పుకుంది. శేషమ్మ వైపు మాత్రం చూడలేదు.

రమణయ్య ఫోను పట్టుకుని ముందుకొచ్చాడు. "శేషమ్మక్కా, నేను గూడా నొక్కేదా?"

"మీ వాళ్ళు ఎవరన్నా ఊరు దాటి ఉండారా?"

"లేరు. అందరూ ఇంట్లోనే ఉండారు."

"అయితే జేబులో పెట్టుకో."

ఈసారి అందరూ నవ్వారు. నవ్వుతూనే పడవలకి భుజాలు ఆనించారు. ఎవరూ నొక్కలేదు. మధ్యాహ్నం తిరిగొచ్చిన పడవల్లో కొన్నిటికి పడింది, కొన్నిటికి పడలేదు. గంగాధరం పడవలకి అంతంతమాత్రమే. అతను ఆ సంగతి ఎత్తలేదు, శేషమ్మా అడగలేదు.

ఆమె ఆ రాత్రి ఫోను తలకింద పెట్టుకుని నిద్రపోయింది. పొద్దున జబీనా ఫోనుకే మెలకువ వచ్చింది.

"రెండు పాయింట్ ఒకటి అత్తా. నీ లింకు ఉంటాది. ఎర్ర గుర్తు గూడా తీసేసినారు కంపెనీవాళ్ళు."

శేషమ్మ లేచి కూర్చుని కళ్ళు తుడుచుకుంది. "ఉంటాది గదా. మళ్ళీ చెప్పు."

"ఉంటాది. కాని ఇంకో మాట, నా నోటితో నేనే చెప్పాల. ఖర్చులు గిట్టడం లేదు. ఈ నెల నుంచి అందరికీ రేటు మూడు చేస్తా ఉండా. నూటికి ముగ్గురు."

శేషమ్మ వేళ్ళ మీద లెక్కేసుకుంది. చిట్టి గది అయింది. ఆ హాస్టల్లో ఇంకా రెండు అంతస్తులున్నాయని చిట్టి అన్నది. తడలో అదొక్కటే హాస్టలూ కాదు.

"ఈరోజు నుంచి అందరికీ సున్నాతోనే గదా మొదలు?" అని అడిగింది.

"అందరికీ సున్నానే అత్తా. పాత నొక్కుళ్ళు లెక్కలోకి రావు."

"అయితే పెట్టు మూడు," అంది శేషమ్మ. "చాలు."